మూడో నంబరు బటన్

"దయచేసి ఈ లిఫ్టు బాగు చెయ్యకండి" అంది ఆమె.

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కాలి మీద పడింది. ఆరేళ్ళ సర్వీసులో లిఫ్టు ఆగిందని తిట్టినవాళ్ళను చూశాడు, శాపనార్థాలు పెట్టినవాళ్ళను చూశాడు. ఒక పెద్దావిడ అయితే ఇరుక్కున్న లిఫ్టులో కూర్చుని స్వెటరు మొత్తం అల్లేసి, దాన్ని తొడుక్కుని మరీ బయటికొచ్చింది. బాగు చెయ్యొద్దని బతిమాలిన మనిషి మాత్రం ఈమే.

"మీరు ఏ అంతస్తండీ?"

"మూడు. ల్యాబులో పనిచేస్తాను. రక్తం తీస్తుంటాను."

"అదేనా? మిమ్మల్ని చూడగానే ఒంట్లో రక్తం తగ్గినట్టనిపించింది."

ఆమె నవ్వలేదు. బుగ్గ మీది సొట్ట మాత్రం ఆమె మాట వినలేదు.

విషయం చెప్పింది. ఆమె తండ్రి రిటైరై రెండేళ్ళయింది. బీపీ నూట అరవై, రక్తంలో చెడు కొవ్వు, గుమ్మం దాకా వచ్చి లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్న షుగరు. మందులిచ్చిన డాక్టరు, వాటితో పాటు ఉప్పు తగ్గించమన్నాడు, రోజూ నడవమన్నాడు, ఆగి ఆగి మెట్లెక్కినా మంచిదే అన్నాడు. ఆయన మాత్రం, "ముప్పై ఏళ్ళు ఎక్కాల్సినవన్నీ ఎక్కేశాను, నా కోటా అయిపోయింది" అని కుర్చీ దిగడు.

"లిఫ్టు ఆగి నాలుగు రోజులైంది. పాలకూ పేపరుకూ కిందికి దిగక తప్పదు కనుక, ఈ నాలుగు రోజులూ రెండు పూటలా మెట్లెక్కారు. రాత్రి హాయిగా నిద్రపోయారు. మా పెదనాన్న ఇదే వయసులో, ఇలాగే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడండీ. నాకు నాన్న తప్ప ఎవరూ లేరు."

మెకానిక్ కింద పడ్డ స్క్రూడ్రైవర్ తీసుకుని లిఫ్టులోని బటన్ల వైపు చూశాడు.

"లిఫ్టంతా ఆపితే నాలుగో అంతస్తు పిన్నిగారు ఆ మోకాళ్ళ నొప్పులతోనే వచ్చి నన్ను తంతారు. ఒక్క మూడో నంబరు బటన్ ఆపుతాను. మీ అంతస్తులో ఉన్నది మీ ఒక్క ఇల్లేగా?"

"నాన్న నాలుగో అంతస్తుకెళ్ళి ఒక అంతస్తు దిగొస్తేనో?"

"పిన్నిగారి గుమ్మం ముందు నుంచా? ఆవిడ తన మోకాళ్ళ చరిత్ర చెప్పడం మొదలెడితే మీ నాన్నగారు ఆ వారం ఇంటికి చేరరు."

రెండో అంతస్తులో దిగి ఒక్క అంతస్తు ఎక్కొచ్చు కదా అని మీకు తట్టే ఉంటుంది. వాళ్ళిద్దరికీ తట్టలేదు. ఆ పెద్దాయన ఎందుకలా చెయ్యలేదో తర్వాత తెలుస్తుంది.

మెకానిక్ లిఫ్టులోని మీటల పలక విప్పి, మూడో నంబరు తీగ పీకి, దాని కొనకు ఎర్ర టేపు చుట్టాడు. బయటికి రాగానే ఆమె చెయ్యి చాపింది.

"జేబులోది ఇటివ్వండి."

"ఏదండీ?"

"సిగరెట్ పెట్టె. మా నాన్న గుండె కోసం దొంగపని చేస్తూ మీ గుండెకు పొగబెట్టుకుంటారా?"

ఇచ్చేశాడు. పెట్టెతో పాటు ఇంకేదో కూడా పోయినట్టనిపించింది గానీ, అది ఏ జేబులో ఉండేదో అతనికి గుర్తు రాలేదు.

మర్నాడు పెద్దాయన రొప్పుతూ కిందికి దిగాడు. అందరూ ఆయన్ను లైన్‌మన్‌గారనే పిలుస్తారు.

"ఏమయ్యా, ఊళ్ళో వాళ్ళందరి బటన్లూ పనిచేస్తాయి, నాదొక్కటే చచ్చిందా?"

"ఆ సామాను ఇక్కడ దొరకదు బాబాయ్‌గారూ. ఓడ మీద రావాలి."

"ఓడ మీదా? రానీ, రానీ."

వెనకాలే వచ్చిన కూతురు, తండ్రి దూరం వెళ్ళాక మెకానిక్ మీద కళ్ళెర్రజేసింది. "నాన్నని బాబాయ్ అనకండి."

"పెద్దవారు కదా. తప్పేముంది?"

"వరస తప్పుతుంది" అని గబగబా మెట్లెక్కిపోయింది.

లిఫ్టులో మూడు వందల తీగలను కళ్ళు మూసుకుని విడదీయగల ఘనుడికి ఆ చిన్న ముడి విడదీయడానికి పదకొండు రోజులు పట్టింది. పదకొండో రోజున అన్నం తింటూ తింటూ, "ఓరి నా మొహమా, చెల్లెలవుతుంది" అని లేచి నిలబడ్డాడు. అప్పట్నుంచి పెద్దాయన్ను ఏ వరసా లేకుండా "ఏమండీ" అనడం మొదలుపెట్టాడు.

నెలకోసారి చూడాల్సిన లిఫ్టుకు వారానికి రెండుసార్లు జబ్బు చేసేది. మెకానిక్ వచ్చినప్పుడల్లా పెద్దాయన పనిగట్టుకుని దిగేవాడు.

"ఓడ ఎక్కడి దాకా వచ్చింది?"

"నడిసంద్రంలో తిమింగలం అడ్డం పడుకుందటండీ. నిద్ర లేపితే కోపమట."

"పాపం, బాలింతేమో. లేపొద్దను" అని పెద్దాయన గంభీరంగా తలూపి మళ్ళీ యాభై నాలుగు మెట్లూ ఎక్కేవాడు. మొదట్లో ప్రతి మలుపులో ఆగేవాడు. తర్వాత ఒక్క మలుపులోనే. ఆ తర్వాత ఈల వేసుకుంటూ.

ఒకనాడు వాన కుండపోతగా పడుతోంది. ల్యాబు నుంచి ఆమె, పని నుంచి అతను, ఇద్దరూ తడిసి ముద్దై మెట్ల కింద నిలబడ్డారు. ఆమె బ్యాగులోంచి బీపీ మిషను తీసి అతని చేతికి పట్టీ చుట్టింది.

"నూట నలభై రెండు. కాల్చారా?"

"ముట్టలేదండీ. మీరు చెయ్యి పట్టుకున్నారు."

"పట్టుకున్నది పట్టీ. నేను కాదు."

"గుండెకు ఆ తేడా తెలియట్లేదు. చదువుకోలేదు పాపం."

"అయిదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి. మళ్ళీ చూస్తాను."

కూర్చున్నాడు. ఈసారి నూట ఇరవై ఆరు. వాన తగ్గింది గానీ ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. "నాన్నతో మాట్లాడతారా?" అంది ఆమె, చెప్పుల వైపు చూస్తూ.

"ఏమని మాట్లాడను? మూడు నెలలుగా మిమ్మల్ని మోసం చేస్తున్నాను, మీ అమ్మాయినివ్వండి అనా? నిజం చెబితే ఆయన మళ్ళీ కుర్చీ ఎక్కుతారు. చెప్పకపోతే నేను ఆ గడప ఎక్కలేను."

ఆమె బీపీ మిషను మడిచి బ్యాగులో పెట్టుకుంది.

అంతలో కంపెనీ అతన్ని పది రోజుల ట్రైనింగుకు పంపింది. ఎనిమిదో రోజున ఆమె ఫోను చేసింది. "తనిఖీకి ఇంజనీరొచ్చి బటన్లన్నీ బాగు చేసి పోయాడు. ఎల్లుండే నాన్న రక్త పరీక్ష. నాకు భయంగా ఉంది."

తిరిగొచ్చిన రోజు అతను బ్యాగు కూడా దించకుండా లిఫ్టు దగ్గరికి పరిగెత్తాడు. ఆమె అక్కడే ఉంది. మూడో నంబరు నొక్కాడు. వెలగలేదు. పలక విప్పాడు. తీగ పీకి ఉంది. దాని కొనకు నల్ల టేపు, జడ అల్లినంత పొందికగా చుట్టి ఉంది.

"ఇది మీరు చేశారా?"

"నాకు నరాలు తెలుసు గానీ తీగలేం తెలుస్తాయి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మెల్లగా మెట్ల వైపు చూశారు. ముప్పై ఏళ్ళు టెలిఫోను స్తంభాలెక్కి తీగలు కలిపిన మనిషిని పొద్దస్తమానం లైన్‌మన్‌గారు, లైన్‌మన్‌గారు అని పిలిచి పిలిచి, ఆ మాటకు అర్థముందన్న సంగతే మరిచిపోయారు.

పెద్దాయన ఈల వేసుకుంటూ దిగొచ్చాడు. చేతిలో ల్యాబు కాగితం.

"మొదటి రోజే మూత తీసి చూశానయ్యా. ఆ ఎర్ర టేపు చూసి సిగ్గేసింది. అంత వదులుగా ఎవడైనా చుడతాడా? మొన్న ఆ ఇంజనీరు వెళ్ళగానే నేనే పీకి, పద్ధతిగా చుట్టాను."

"తెలిసి ఎందుకు ఎక్కావు నాన్నా?" అంది కూతురు. "రెండులో దిగినా సరిపోయేది కదా."

"ఆ మాత్రం నాకు తెలీదటే? నువ్వు నడవమని పోరినన్నాళ్ళూ నడవబుద్ధి కాలేదు. నా కోసం నువ్వు దొంగతనానికి దిగావని తెలిశాక కూర్చోబుద్ధి కాలేదు. పైగా ఆ తిమింగలం లేచిందో లేదో తెలుసుకోవద్దూ?" కాగితం చాపాడు. "బీపీ నూట ముప్పై రెండు. కొవ్వు దిగింది. షుగరు గుమ్మం దాకా వచ్చినదల్లా వెనక్కి పోయింది. మందులు మాత్రం మానొద్దన్నాడు డాక్టరు."

మెకానిక్ తల దించుకున్నాడు. "తప్పయిపోయింది. మీతో ఒక మాట చెప్పాలి, మావయ్యగారూ."

అన్న తర్వాత గానీ తానేమన్నాడో తెలియలేదు. ఆమె గోడ వైపు తిరిగింది. సొట్ట మాత్రం ఇటే ఉంది.

"వరస కుదిరాక ఇంకా మాటెందుకు?" అన్నాడు పెద్దాయన. "ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదంటారు. మా ఇంట్లో ఈ పిల్ల ఉప్పే వెయ్యదు కనుక నీకు ఆ కట్టడి కూడా లేదు. అయినా నువ్వు చెడ్డవాడివి కాదు. పైకి రా, చప్పటి భోజనం తిని చూడు. తిని కూడా పిల్లనివ్వమంటే అప్పుడు నమ్ముతాను."

మెకానిక్ గబగబా తీగ కలిపేశాడు. నొక్కగానే మూడో నంబరు ఎర్రగా వెలిగింది. "రండి, లిఫ్టులో వెళ్దాం. ఓడ వచ్చింది."

"మీ ఓడలో మీరే రండి" అని పెద్దాయన అప్పటికే మొదటి మలుపు తిరిగాడు. ఆమె నవ్వుతూ తండ్రి వెనకాలే పరిగెత్తింది. మెకానిక్ బ్యాగు భుజాన వేసుకుని ఆమె వెనకాల పరిగెత్తాడు.

ఎవరూ ఎక్కని లిఫ్టు ఒంటరిగా మూడో అంతస్తుకు వెళ్ళి, తలుపులు తెరుచుకుని చూసింది. పెద్దాయన అప్పటికే చెప్పులు విప్పుతున్నాడు. రెండో మలుపులో ఇద్దరు ఆయాసపడుతూ ఆగి ఉన్నారు. ఆయాసం మెట్ల వల్ల కాదు.