ఇరవై ఎనిమిదో అర

"కొత్త బెల్లం వచ్చిందా?"

"వచ్చింది గానీ పాకం ముదిరిపోయింది."

కోడ్ సరిపోయింది. తలకి తువ్వాలు చుట్టుకుని మూటలు మోసే కళాసీ వేషంలో ఉన్న ఏజెంట్ పైడిరాజు టీకొట్టు వెనక గదిలోకి జారుకున్నాడు. లోపల చీఫ్ లోకనాథం గోడకి అంటించిన ప్లాన్ ముందు నిలబడి ఉన్నాడు. టైమ్ ఉదయం పదీ ఇరవై.

"బెల్లం మార్కెట్ గోడ పక్కన కరెంటు కార్లకి కొత్త ఛార్జింగ్ టవర్. ఆరు కార్లు పట్టే జాగాలో ముప్పై ఆరు కార్లు. కారు కింద వదిలేస్తే చాలు, లిఫ్ట్ పైకెత్తి అరలో పెడుతుంది. మెషినే ప్లగ్ పెడుతుంది. లోపలికి మనిషి వెళ్లే పనే లేదు. అందుకే కారుకీ కారుకీ మధ్య తలుపు తెరిచే సందు కూడా వదల్లేదు."

"అయితే ఏటి సార్?"

"విక్టర్. విదేశీ ముఠా. బెల్లం ఎగుమతిదారునని చెప్పుకుని నెల్లాళ్లు ఊళ్లో తిరిగాడు. రెండు రోజులుగా కనపడటం లేదు. కారుకి ప్లగ్ పెట్టే ఒక ఛార్జింగ్ గన్ వెనక చిన్న పెట్టె అమర్చాడు. పదకొండూ నలభైకి దాన్నుంచి ఆర్డర్ వెళ్తుంది. బ్యాటరీ నిండినా సరే, ఛార్జర్లు కరెంటు తోస్తూనే ఉంటాయి. ఒక కారు అంటుకుంటే టవరంతా అంటుకుంటుంది. గోడకి అవతల వేలంపాటలో ఎనిమిది వందల మంది."

"మెయిన్ ఆపేత్తే?"

"లోపల బ్యాకప్ ఉంది. మెయిన్ ఆపినా, జనాన్ని ఖాళీ చేయించినా వాడికి తెలిసిపోతుంది. ముందే రిమోట్ నొక్కేస్తాడు. పెట్టె ఇరవై ఆరో అరలో ఉందని కబురు. నువ్వు ఇరవై ఏడుకి వెళ్లే కారు డిక్కీలో పడుకుంటావు."

పైడిరాజుకి ఇరుకంటే భయం. చిన్నప్పుడు రాంబిల్లిలో సముద్రం ఒడ్డున బోల్తాపడ్డ పడవ కింద ఇరుక్కుపోయి, అరిచి అరిచి సొమ్మసిల్లినవాడు. ఇప్పటికీ లిఫ్ట్ ఎక్కడు. ఆ సంగతి సర్వీస్ రికార్డులో లేదు.

"లిఫ్ట్ ఎవరు నడుపుతారు?"

"శాంతికుమారి. టవర్ మేనేజర్. విక్టర్ మనిషి. మన మనిషి కూడా."

"ఎక్కువ ఎవరి మనిషి సార్?"

లోకనాథం ప్లాన్ మడతపెట్టాడు. "అదే తెలీదు."

పదకొండున్నరకి డిక్కీ మూత పడింది. మూత పడే ముందు ఒక ఎర్రచీర, నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు వాసన. శాంతికుమారే మూత వేసింది. తర్వాత చీకటి.

లిఫ్ట్ కదిలింది. పైడిరాజు మోకాళ్లు గడ్డానికి ఆనుకున్నాయి. గుండె చప్పుడు డిక్కీ రేకులోంచి తిరిగొచ్చి చెవుల్లో పడుతోంది. ఒకటో అంతస్తు. రెండు. ఊపిరి అందడం లేదు. మూడు. అరవకూడదని నాలుక కొరుక్కున్నాడు. నాలుగు. నోట్లో ఉప్పగా రక్తం. ఐదో అంతస్తులో కారు పక్కకి జరిగి అరలో కూర్చుంది.

లోపలి నుంచి గొళ్లెం తప్పించి మూత ఎత్తాడు. లిఫ్ట్ పైకి వెళ్లిపోయింది. ఎదురుగా అది నడిచే ఖాళీ గొయ్యి. అంచున జానెడు ఇనప పట్టీ, దాని కింద ఐదంతస్తుల లోతు. పక్క కార్ల గన్‌లన్నీ ఈ అంచువైపే ఉన్నాయి.

పొట్ట మీద పాకుతూ ఎడమకి, ఇరవై ఆరు వైపు జరిగాడు. చెమటకి చేతులు జారుతున్నాయి. టైమ్ పదకొండూ ముప్పై ఏడు.

చెవిలో మినపగింజంత రిసీవర్ గరగరలాడింది.

"పైడిరాజు గారూ, ఇరవై ఆరు కాదు. ఇరవై ఎనిమిది." శాంతికుమారి గొంతు. "స్క్రీన్ మీద ఆ ఒక్క గన్ నుంచే బయటికి సిగ్నల్ పోతోంది. విక్టర్ నాకూ అబద్ధమే చెప్పేడు."

వెంటనే లోకనాథం గొంతు అడ్డొచ్చింది. "ఆమె మాట వినకు. ఇరవై ఆరు. ఇది ఆర్డర్."

పైడిరాజు బిగుసుకుపోయాడు. ఇరవై ఆరు చేతికందే దూరంలో ఉంది. ఇరవై ఎనిమిది వెనక్కి పాకి ఇరవై ఏడు దాటాక. రెండూ చూసే టైమ్ లేదు. పైన ఎక్కడో లిఫ్ట్ తాళ్లు కిర్రుమన్నాయి. అది కిందికి దిగితే ఈ పట్టీ మీదున్న మనిషి పచ్చడైపోతాడు.

"శాంతికుమారి గారూ, మీరు ఎక్కడున్నారు?"

"కింద. కంట్రోల్ రూములో."

"ఇంకా ఎందుకున్నారు? బయటికి పోవచ్చు కదా?"

"ఎవరో కారు కోసం యాప్ నొక్కేరు. నేను హోల్డ్ బటన్ వదిల్తే లిఫ్ట్ మీ మీదకి దిగిపోద్ది. ఎక్కడికి పోతాను?" ఆమె పళ్లు టకటకమని కొట్టుకోవడం వినిపించింది. "నాకు భయమేత్తంది. బేగి కానియ్యండి."

విక్టర్ మనిషే అయితే ఈపాటికి ఊరొదిలి నక్కపల్లి దాటి ఉండేది.

పైడిరాజు కుడివైపుకి తిరిగాడు.

"ఏజెంట్!" అన్నాడు లోకనాథం.

"కుడివైపే పోతన్నాను సార్. తర్వాత తిట్టండి."

పాకుతుంటే మోచేతులు చీరుకుపోయాయి. ఒక కాలు పట్టీ మీంచి జారి గాలిలో వేలాడింది. ఒక్క క్షణం కింది చీకటి అతన్ని లాక్కున్నట్టే అయింది. కళ్లు మూసుకుని కాలు పైకి తీసుకున్నాడు. ఇరవై ఎనిమిదో అర గన్ వెనక చెయ్యి దూర్చాడు. అగ్గిపెట్టె అంత పెట్టె తగిలింది. వెచ్చగా ఉంది. దాని మీద అంకెలు తరుగుతున్నాయి. తొమ్మిది. ఎనిమిది.

లాగాడు. రాలేదు. గోరు విరిగింది. ఐదు. రెండు చేతులా పట్టి పెరికాడు. పట్టు తప్పి దొర్లబోయి, భుజంతో కారు బంపర్‌ని ఒరుసుకుంటూ ఆగాడు.

పెట్టె అతని గుప్పిట్లో ఉంది. దాని మీద రెండు అనే అంకె కనిపించి ఆరిపోయింది. కనెక్షన్ తెగిన దెబ్బకి ముప్పై ఆరు ఛార్జర్లూ ఒక్కసారిగా మూగబోయాయి. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల నుంచి వేలంపాట కేకలు వినిపించాయి.

చెవిలో శాంతికుమారి ఏడుస్తోంది. బటన్ మాత్రం వదల్లేదు.

పన్నెండింటికి విక్టర్ హైవే మీద టోల్‌గేటు దగ్గర దొరికాడని కబురు వచ్చింది. లోకనాథం టీకొట్టుకి వెళ్లాడు. శాంతికుమారికి తనే టీ తెచ్చి ఇచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకోలేకపోతుంటే పైడిరాజు అడుగున చెయ్యి పెట్టాడు.

ఇంతలో సత్తియ్య అనే చెరకు రైతు వచ్చాడు. ఇరవై ఎనిమిదో అరలో కారు ఆయనదే.

"పొద్దున్న తొమ్మిదికి పెట్టేను. సగమే ఎక్కింది. లోపల ఏటి సేత్తన్నారు మీరంతా?"

పైడిరాజు గోరు విరిగిన వేలిని తువ్వాల్లో చుట్టుకున్నాడు.

"అంతకన్నా ఎక్కిత్తే మంచిది కాదు బాబాయ్."