బంగారు రేకు మీద వేలిముద్ర

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలె.

రెండువేల నాలుగులో మాట. బోధన్‌లో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే దేవిదాస్ ఇంటి వెనక గదిలో ఓ మైక్రోస్కోపు కట్టుకున్నాడు. వెంట్రుకను లక్ష చీలికలు చేస్తే ఒక చీలికంత సన్నని గాజు సూది దానికి. బంగారు రేకు మీద కంటికానని గుంటలు తొలిచి లేజరు వేస్తే, వెలుగు ఆ గుంటల చుట్టూ సుళ్ళు తిరుగుతుంది. సూది రేకును తాకకుండా, తాకీతాకనంత దగ్గరగా పోతూ ఆ సుడి బొమ్మను గీత తర్వాత గీతగా తెర మీదికి తెస్తుంది. చక్కెర ఫ్యాక్టరీలో గానుగ మొదలైతే నేల అదిరి సూది విరుగుతుంది. చెరకు రాకముందే పని ముగించాలి.

దసరా నాడు భార్య గంగుబాయి ఇంట్లోని పనిముట్లన్నిటికీ పెట్టినట్టే ఆ రేకుకూ బొటనవేలితో పసుపు బొట్టు పెట్టింది. బీడీలు చేసి మొగుణ్ణి అంత చదువు చదివించిన మనిషి. దేవిదాస్ స్పిరిటుతో తుడిచాడు. పోయిందనుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. కిటికీలు మూసి చీకట్లో కూర్చున్నాడు. ఎక్కడిదో పచ్చి పసుపు వాసన. తెర మీద సుడి లేచింది... గీత మీద గీత... అచ్చం వేలిముద్ర.

"గంగూ, నీ వేలు చూపియ్యి."

బొటనవేలు గచ్చులా నున్నగా ఉంది.

"బీడీలు చేసి చేసి అరిగింది. ఇన్నేండ్లకు చూసినవా నా వేలు?" అని నవ్విందామె.

అక్కడే ఆపాల్సింది. కానీ అంత చక్కని సుడి ప్రపంచంలో ఇంకెవరికీ దొరకలేదు. సూదిని ఇంకొక్కసారి నడిపాడు.

ఈసారి తెర మీద చెవి.

"గంగూ..."

పలకలేదు. గడపలోనే నిలబడి ఉంది. చెవులుండాల్సిన చోట చర్మం... నున్నగా.

లేజరు ఆపాడు. వైర్లు పీకాడు. తెర ఆరలేదు. సూది కదులుతూనే ఉంది... ఇప్పుడు కనుపాప. గబగబా కిటికీలన్నీ తెరిచాడు. ఎండంతా గంగుబాయి మొహం మీద పడింది.

"అప్పుడే చీకటైందా?" అని గుసగుసగా అడిగిందామె.

పొద్దుగూకేసరికి గదిలో చీర, గాజులే మిగిలాయి.

రేకును డబ్బాల పెట్టి, పక్కింట్ల ఉన్న నా చేతికిచ్చి దేవిదాస్ ఊరు విడిచిండు. గిదే డబ్బా, బిడ్డా. నువ్వు మెండోర దిక్కే పోతున్నవు గద, గోదావరిల ఏసిరా. మొన్న మా ఊరి ముత్తన్నతోని ఓసారి పంపిన. ఏసినన్నడు. తెల్లారి చూస్తే డబ్బా నా గడపలనే ఉన్నది. ముత్తన్న ఇప్పుడు పిలిస్తే పలుకుతలేడు.

ఇగో, పట్టు. బరువున్నదా? నిన్నటిదాక గింత బరువు లేకుండె.