కోడలి తాళంచెవి

పొద్దున్నే టీవీలో నలుగురు పెద్దమనుషులు గొంతులు చించుకుంటున్నారు. శిబిరంలో ఉన్న శరణార్థులను ఊళ్ళో ఉండనివ్వాలా, సరిహద్దు దాటించెయ్యాలా అన్నది గొడవ. "వాళ్ళలో మంచివాడెవడో, కానివాడెవడో ఎవరు చెప్పగలరు? దేశభద్రతకు పూచీ ఎవరు?" అని ఒకాయన బల్ల గుద్దాడు. ఇక్కడ ఇంట్లో తాళాలు చేసే పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని, ఔనౌనంటూ తలూపాడు.

ఊపడా మరి! ఈ గొడవ మొదలైనప్పటి నుంచి ఊళ్ళో ప్రతి తలుపుకూ రెండో తాళం కావాలట. మొన్నటిదాకా ఈగలు తోలుకున్న ఆయన కొట్లో ఇప్పుడు ఊపిరి సలపడం లేదు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడే," అన్నాడు భార్యతో. "ఎవర్నైనా గుమ్మం దగ్గరే ఆపాలి."

"గట్టిగా అనకండి. అమ్మాయి వింటుంది," అని ఆవిడ వంటింటి వైపు సైగ చేసింది.

వంటింట్లో ఉన్న కోడలు ఆ శిబిరం నుంచి వచ్చిన పిల్లే. బస్సు నడిపే కొడుకు ఇష్టపడి చేసుకున్నాడు. ఆమె తల్లి ఇంకా శిబిరంలోనే ఉంది. ఆవిడను ఇక్కడ ఉండనివ్వాలంటే, కూతురు ఈ ఊరి కుటుంబంలో సొంత మనిషిగా కలిసిపోయిందని వలసాఫీసు నమ్మాలి. అది చూడ్డానికి ఈ వారంలో ఎప్పుడైనా ఇన్‌స్పెక్టర్ ఇంటికొస్తాడు. నమ్మకపోతే ఆవిడ తిరుగు బస్సెక్కాల్సిందే. అక్కడ ఆవిడకు ఇల్లు లేదు. భర్తను చంపినవాళ్ళు మాత్రం ఉన్నారు.

"నిన్ను కాదులే అమ్మాయ్!" పెద్దాయన కేకేశాడు.

"తెలుసు మామయ్యా," అంది కోడలు లోపలి నుంచి.

ఆ సాయంత్రం ఆయన కొట్టు కట్టేసి వచ్చేసరికి అత్త కోడలి తల తుడుస్తోంది. "గొడుగు పట్టుకెళ్ళకపోతే ఎలాగే? ముద్దగా తడిశావు!" అని కోప్పడుతోంది. కోడలు నవ్వి ఊరుకుంది. కానీ అన్నం ముద్ద నోట్లోకి పోలేదు. అది పెద్దాయన చూశాడు, జలుబు చేసుంటుందిలే అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కొడుకు డ్యూటీ బట్టలతోనే కొట్లోకి దూసుకొచ్చాడు. వెనకే కోడలు. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం ఉబ్బిపోయింది.

"సంతోషమేనా నాన్నా? మా అత్తయ్యను సాయంత్రం బస్సులో పంపేస్తున్నారు!"

"అదేంట్రా! ఇన్‌స్పెక్టర్ రానే లేదుగా?"

"నిన్న వచ్చాడు. అమ్మ బజారుకెళ్ళింది, నువ్విక్కడున్నావు. ఇల్లు సర్దుదామని ఇది శిబిరంలో తల్లిని చూసి పెందలాడే వచ్చి, వానలో మెట్ల మీద కూర్చుంది. ఇల్లెవరిదని అడిగాడాయన. మాదేనంది. అయితే తలుపు తియ్యమ్మా అన్నాడు. ఏం పెట్టి తీస్తుంది?"

పెద్దాయన కొట్టు గోడ వైపు చూశాడు. గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. ఊళ్ళో పాలవాడికి కూడా చేసిచ్చాడు. ఇంట్లో తనకొకటి, భార్యకొకటి, కొడుక్కొకటి.

"అడిగితే నేనివ్వనా?" అన్నాడు, ఆ మాట ఎంత పేలవంగా ఉందో తనకే వినిపిస్తుండగా. "అమ్మాయ్, ఒక్కసారి అడక్కపోయావా?"

"భయమేసింది మామయ్యా," అంది కోడలు. "ఎందుకని మీరడుగుతారేమోనని. టీవీలో వాళ్ళడిగినట్టే మీరూ అడిగితే, ఇంక ఆ ఇంట్లో ఎలా ఉండను?"

అంతకంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది. ఆయన గబగబా మిషన్ ముందు కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని చేసే పని, ఇవాళ మొదటిది పాడైపోయింది. రెండోదాన్ని ఆకురాయితో రుద్ది, వేడిగా ఉండగానే గుప్పిట్లో పెట్టుకుని శిబిరానికి పరిగెత్తాడు, వెనకే కొడుకూ కోడలూ.

గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ మంచిగానే మాట్లాడాడు. "నిన్న లేని తాళంచెవి ఇవాళ చూపిస్తే ఎలాగండీ? పైగా ఊరికంతా తాళాలు వేసేది మీరేనట!"

"తప్పు నాది బాబూ, పిల్లది కాదు. నా ఇంటి మనిషే. పూచీ నేనుంటాను, కావాలంటే నన్ను లోపలెయ్యండి!" జన్మలో ఒకరి ముందు చెయ్యి చాపని మనిషి రెండు చేతులూ జోడించాడు.

"నిర్ణయం పైకి వెళ్ళిపోయింది. అప్పీలు పెట్టుకోండి. ఒక్కోసారి వింటారు."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం!" అప్పుడే వగరుస్తూ చేరిన భార్య నెత్తి కొట్టుకుంది.

సాయంత్రమైంది, బస్సు కదలబోతోంది. కిటికీలోంచి తల్లి చెయ్యి బయటికి చాచింది, కూతురు దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. పెద్దాయన వెళ్ళి కోడలి చేతిలో కొత్త తాళంచెవి పెట్టాడు. కోడలు దాన్ని ఒక్క క్షణం చూసుకుని, తల్లి గుప్పిట్లో పెట్టి మూసేసింది.

"చెల్లెమ్మా," అన్నాడాయన. "అది మన ఇంటిది. అప్పీలు పెడతాం, పోరాడతాం. నువ్వెప్పుడొచ్చినా తలుపు కొట్టొద్దు, తీసుకుని లోపలికి రా. నేనున్నంతకాలం ఆ తాళం మార్చను."

ఆవిడ ఏదో అంది. ఇంజను మోతలో వినపడలేదు. తాళంచెవి ఉన్న గుప్పిట మాత్రం మలుపు తిరిగేదాకా కిటికీ బయటే కనిపించింది.

నలుగురూ నడిచి ఇంటికొచ్చారు. మెట్ల మీద నిన్నటి వాననీళ్ళు ఇంకా ఆరలేదు. కొడుకు జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆగరా," అన్నాడు పెద్దాయన. మొలతాడుకున్న తన తాళంచెవి విప్పి కోడలికిచ్చి, తాను ఒక మెట్టు కిందికి దిగి నిలబడ్డాడు.

"మరి మీకో మామయ్యా?"

"నువ్వొచ్చేదాకా మెట్ల మీద కూర్చుంటాలే." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "తలుపు తియ్యమ్మా."