ఎదురుగాలికి మూడు జతల చక్రాలు

"బరువెంత?" అంది ఆమె తలెత్తకుండా.

"ముందుది ఆరువందల యాభై గ్రాములు. వెనకది…" అంటూ అతను ఫోను తీసి చదవబోయాడు.

"చక్రాల బరువు కాదు సార్. మీ బరువు."

షాపులో ఇంకెవరూ లేరు కాబట్టి సరిపోయింది. అతను ఫోను జేబులో పెట్టుకుని, చెప్పాల్సిన అంకెలో ఐదు కిలోలు మింగేసి చెప్పాడు. ఆమె అతని పొట్టవైపు ఒక్క చూపు చూసి ఆ ఐదు కిలోలూ మళ్ళీ కలిపేసుకుంది.

"ఇందాక నాలుగు గ్రాములు తగ్గే స్పోకులు అడిగారే, అవెందుకు? రెండో కప్పు కాఫీ మానేయండి. పని అయిపోతుంది."

"నేను చక్రాలు కొనడానికి వచ్చాను. తిట్లు తినడానికి కాదు."

"రెండూ ఇక్కడే దొరుకుతాయి," అంది ఆమె, చేతిలో చక్రాన్ని గిర్రున తిప్పుతూ.

అలా మొదలైంది.

అతను కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తాడు. షాపు అక్కది. ఆమె తన బాబాయి సైకిళ్ళ షాపులో చక్రాలు కడుతుంది. రిమ్ము, మధ్యలో తిరిగే హబ్బు, స్పోకులు విడివిడిగా తీసుకుని, ఒక్కో స్పోకూ బిగిస్తూ, వంకర తీస్తూ, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఒక చక్రం తయారుచేస్తుంది. ఊళ్ళో సైకిలు తొక్కేవాళ్ళందరూ ఆమెను 'స్పోకు' అంటారు. సన్నగా ఉంటుందని కొందరు, గుచ్చుకుంటుందని మిగతావాళ్ళు.

అతనికి చక్రాలు ఊరికే సరదాకి కాదు. ఏటా ఒక లాంగ్ రైడ్ జరుగుతుంది. రెండు వందల కిలోమీటర్లు, పొద్దు పొడిచేటప్పుడు బయల్దేరి పొద్దుగూకేలోగా తిరిగి రావాలి. పోయినేడు సముద్రం పక్క రోడ్డులో ఎదురుగాలి కొట్టింది. అతను సైకిలు దిగి, గోడమీద కూర్చుని, కాలీఫ్లవర్ల ట్రక్కెక్కి ఇంటికొచ్చాడు. అంతకుముందు గిటారు సగంలో వదిలాడు. ఈత సగంలో వదిలాడు. ఒక డిగ్రీ కూడా సగంలోనే వదిలాడు. "వీడు దేన్నీ చివరిదాకా చెయ్యడు" అనే మాట ఇంట్లో గోడగడియారంలా అయిపోయింది. గంటకోసారి కొడుతుంది. ఈసారీ సగంలో దిగితే సైకిలు అమ్మేస్తానని అక్క ముందు ఒట్టేశాడు.

చక్రాలు మారిస్తే గాలి లొంగుతుందని అతన్ని ఎవరు నమ్మించారు? ఇంకెవరు, చక్రాలు అమ్మేవాళ్ళే! ఆ లోకానికి సిగ్గనేది లేదు. మనిషి ఆయాసాన్ని గ్రాముల్లో తూచి అమ్ముతుంది. ఇది కొండెక్కడానికి, ఇది గాలిని చీల్చడానికి, ఇది ట్రైనింగుకి, ఇది పందేనికి అంటూ ఒక్క మనిషికి ఆరు జతలు అంటగడుతుంది. అతను నెలరోజులు ఆ రాతలు చదివి చదివి, కాలు ఎలా తొక్కాలో మరిచిపోయాడు.

ఆ షాపుకో పద్ధతి ఉంది. నీ పాత చక్రాలు అక్కడ కొక్కేనికి తగిలించి, షాపువాళ్ళ చక్రాలు వేసుకుని తొక్కి చూడొచ్చు. అయితే షాపు మనిషొకరు వెంట వస్తారు. ఎప్పుడో ఒక పెద్దమనిషి చక్రాలతో సహా ఉడాయించాడట.

"అమ్మాయ్, నువ్వెళ్ళు," అన్నాడు బాబాయి. "నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా."

మొదటి ఆదివారం ఎత్తు రిమ్ముల కార్బన్ చక్రాలు వేశారు. పరుగెత్తుతుంటే వూఁ వూఁ అని శబ్దం చేస్తాయి. ఆమె ముందు, అతను వెనక. గుంత వస్తే ఆమె చెయ్యి కిందికి చూపించేది. అతను గుంతను చూసేవాడు కాదు, చెయ్యినే చూసేవాడు. రెండుసార్లు గుంతలో పడ్డాడు కూడా.

"ఎలా ఉన్నాయి?" అంది తిరిగొచ్చాక.

"అద్భుతం! సైకిలు దానంతటదే పోతోంది!"

రెండో ఆదివారం కంపెనీ నుంచి తయారై వచ్చిన మామూలు అల్యూమినియం చక్రాలు. సగం దారిలో వాన పట్టుకుంది. ఇద్దరూ ఒక బస్టాపు కింద ఇరుక్కున్నారు. నిలబడ్డానికి చోటు తక్కువ, మాట్లాడ్డానికి విషయం బోలెడు.

"మీరు రోజంతా ఏం చేస్తారు?" అంది.

"ఇది స్పష్టంగా ఉందా, ఇది స్పష్టంగా ఉందా అని అడుగుతుంటాను. జనం 'రెండూ బాగానే ఉన్నాయి' అంటారు. పిచ్చెక్కుతుంది. రెండూ ఎలా బాగుంటాయండీ?"

"మరి ఈ చక్రాలెలా ఉన్నాయి?"

"ఇవీ అద్భుతమే."

ఆమె అతన్ని ఒక్క క్షణం అదోలా చూసి, వానవైపు తిరిగిపోయింది. "నువ్వొట్టి మొద్దువి," అంది. ఆ 'మీరు' బస్టాపులో ఎక్కడ జారిపోయిందో అతను గమనించలేదు. మొద్దే మరి.

మూడో ఆదివారం ఆమె స్వయంగా కట్టిన చక్రాలు. స్పోకులు ఎక్కువ, చూడ్డానికి సాదా. అవీ అద్భుతం!

ఇక అతని అవస్థ చూడాలి. మూడు జతలూ ఒక్కలాగే ఎగురుతున్నాయి. దేన్ని కొనాలి? అక్క బుర్ర తినేశాడు.

"ఒరేయ్, కళ్ళు మూసుకుని ఒకటి కొనెయ్యి," అంది అక్క.

"అలా ఎలా కొంటామే? తేడా తెలియాలిగా!"

"నీకు తెలియని తేడా ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

ఒక్కటి మాత్రం అతనికి గట్టిగా తెలిసింది. తనకు బలం పెరిగింది. టైము చూసుకుంటే పోయినేటికంటే ఎంతో మెరుగు. ఆ మాట అక్కకి చెప్పాడు, బావకి చెప్పాడు, కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళకీ చెప్పాడు.

నాలుగో ఆదివారం ఆమెకు జ్వరం. "నమ్మకస్తుడివేగా, ఒక్కడివే పోయిరా," అన్నాడు బాబాయి. పోయినవారం చక్రాలే, అదే రోడ్డు. బయల్దేరిన కాసేపటికే గాలి వచ్చి ఛాతీమీద చెయ్యేసి వెనక్కి నెట్టింది. తొక్కుతున్నాడు, రోడ్డు కదలదు. తొడలు మండిపోతున్నాయి. దారిలో పాలడబ్బాలు కట్టుకున్న ముసలాయన ఒకడు అతన్ని దాటిపోతూ జాలిగా చూశాడు.

నేరుగా షాపుకొచ్చి వెనక చక్రం ఊడదీసి బల్లమీద పెట్టాడు.

"బాబాయ్ గారూ, ఈ హబ్బు పట్టేసింది. చూడండి."

బాబాయి చక్రాన్ని వేలితో తిప్పాడు. తిరిగింది. కాఫీ కలుపుకున్నాడు. ఇంకా తిరుగుతోంది. కాఫీ సగం తాగాడు. ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఇది పట్టెయ్యడమైతే దేవుడు నా మోకాళ్ళనీ ఇలాగే పట్టెయ్యాలి," అన్నాడు. "పోయినవారం ఎలా ఉంది?"

"గాల్లో తేలినట్టుంది."

"ముందెవరు తొక్కారు?"

"మీ అమ్మాయే. మూడువారాలూ తనే ముందు."

బాబాయి కప్పు కింద పెట్టి నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి నీ అమాయకత్వం తగలెయ్య! గాలంతా అది తింది. నువ్వు దాని నీడలో కూర్చున్నావు. మూడు వారాలుగా నువ్వు టెస్ట్ చేసింది చక్రాల్ని కాదయ్యా, దాని వీపుని!"

ఒకరి వెనక తొక్కితే గాలి తగలదని అతనికి తెలియక కాదు. సైకిలెక్కిన ప్రతివాడికీ తెలుసు. కానీ తెలిసిన సంగతి గుర్తుండాలంటే మనసు సైకిలు మీద ఉండాలి కదా.

రెండు రోజులకి ఆమె షాపుకొచ్చింది. అతను ముందే వచ్చి నిలబడున్నాడు.

"కావాలనే చేశావా?"

ఆమె అబద్ధం చెప్పే రకం కాదు. "మొదటివారం కాదు. నీకు ఆయాసం వస్తోంది, జాలేసింది."

"రెండోవారం?"

"కావాలనే."

"మూడో…"

"కావాలనే అన్నానుగా!" స్పోకు బిగించే పానాని బల్లమీద ఠపీమని పెట్టింది. "తేడా తెలిస్తే ఎంచుకుంటావు. ఎంచుకుంటే కొంటావు. కొంటే పోతావు. నా పనే అంత. బాగా కట్టిన చక్రం ఏళ్ళతరబడి వంకరపోదు. చెత్తగా కట్టేవాడి దగ్గరికి జనం వారంవారం వస్తారు. నేను బాగా చేసినకొద్దీ మనిషి మళ్ళీ కనపడడు. నువ్వు వెనకాల వాగుతూ వస్తుంటే బాగుంది. చాలా? ఇంకా విడమరిచి చెప్పాలా?"

వేరే రోజైతే ఆ మాటకి అతను షాపు కప్పుదాకా ఎగిరేవాడు. ఆ రోజు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నాకు బలం పెరిగిందనుకున్నాను," అన్నాడు. "జీవితంలో మొదటిసారి ఒకటి చివరిదాకా చేస్తాననుకున్నాను. అందరికీ చెప్పుకున్నాను. అది నాది కాదు, నీది. నీకు సరదా. రైడ్‌కి మూడు వారాలుంది నాకు."

అతను కొక్కేనికున్న తన పాత చక్రాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారం రోజూ తెల్లారకుండానే ఒంటరిగా సముద్రం రోడ్డుకి పోయాడు. గాలిని తిట్టాడు, ఆమెను తిట్టాడు, ఊపిరి మిగిలితే తన్ను తాను తిట్టుకున్నాడు. నిజం ఏమిటంటే, తిట్టుకుంటూనే పోయినేడు కూర్చున్న గోడని రెండుసార్లు దాటేశాడు. కోపంలో అదీ గమనించలేదు.

శనివారం కళ్ళజోళ్ళ షాపులో అతను ఒకామెకు చూపు పరీక్ష చేస్తుండగా తలుపు తెరుచుకుంది. స్పోకు. రెండు భుజాలకీ రెండు చక్రాలు.

"మేడమ్, మీ తమ్ముడితో రెండు నిమిషాలు పని," అంది అక్కతో.

"తీసుకుపో తల్లీ," అంది అక్క. "తిరిగివ్వకపోయినా పర్లేదు."

"రేపు మూడు జతలూ వ్యాన్లో వేసుకుని బాబాయి వస్తాడు," అంది ఆమె అతనితో, తల దించుకోకుండా. "ఒకే రోడ్డు, ఒకే గాలి. నువ్వు ముందు, నేను వెనక. చచ్చినా ముందుకి రాను. నేను చేసింది తప్పు. సరిచెయ్యనివ్వు."

"ఆయన ఈ అద్దం పెట్టి మరిచిపోయారండీ," అంది పరీక్ష కుర్చీలో ఉన్నామె. "నాకు ఇద్దరు అమ్మాయిలు కనిపిస్తున్నారు."

మర్నాడు గాలి కసిగా వీచింది. అతను ముందు తొక్కాడు. కార్బన్ చక్రాలు పక్కగాలికి హ్యాండిల్ లాగేశాయి, రెండుసార్లు గోడకేసి పోబోయాడు. దిగి, "ఇవి వద్దు," అన్నాడు. తేడా తెలిసింది! ఆ ఆనందానికి వ్యాను తలుపుని ముద్దుపెట్టుకోబోయాడు. తర్వాత మామూలువి. చివరికి ఆమె కట్టినవి.

"ఒక్కసారి ముందుకి రావా?" అని బతిమాలాడు మధ్యలో.

"రాను. తొక్కు!"

చివర్లో రోడ్డుపక్కన కూలబడి, "మామూలువి తీసుకుంటాను," అన్నాడు.

ఆమె మొహం మాడిపోయింది. "నావి కావా?"

"కావు."

"ఎందుకు?"

"మరీ బిగుసుకుపోయున్నాయి. గరుకు రోడ్డులో నా నడుం విరిగింది. నిజం చెప్పాలిగా."

వ్యానులో బాబాయి రేడియో ఆపేశాడు. ఇంతవరకూ ఆ పిల్ల చక్రానికి ఎవరూ వంక పెట్టలేదు. ఆమె చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని స్పోకులు ఒక్కొక్కటీ వేలితో మీటి చూసింది. తర్వాత పక్కన కూర్చుంది.

"నీ బరువుకి భయపడి ఎక్కువ బిగించాను," అంది మెల్లగా. "విప్పి మళ్ళీ కడతాను. నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు తెలుసా? 'బాగుంది, బాగుంది' అని పోయేవాళ్ళే అందరూ."

"రైడ్ అయ్యాక కట్టు. తొక్కి చూసి మళ్ళీ తిడతాను."

"రా. తిట్టడానికైనా రా," అంది.

లాంగ్ రైడ్ రోజు ఇద్దరూ బయల్దేరారు. సాయంత్రానికి సముద్రం రోడ్డు, అదే ఎదురుగాలి. వెనక బాబాయి వ్యాను.

"ముందుకి రానా?" అని అరిచింది ఆమె.

"వద్దు!"

"వెనకే ఉండనా?"

"వద్దు!"

"మరేం చావమంటావ్?"

"పక్కకి రా!"

"పక్కన తొక్కితే గాలి ఇద్దరికీ కొడుతుంది. ఏం లాభం?"

"మాట్లాడొచ్చు!"

ఆమె పక్కకి వచ్చింది. గాలి ఇద్దర్నీ సమానంగా వాయించింది.

"ఒకళ్ళ వెనక ఒకళ్ళు తొక్కండ్రా!" అని బాబాయి వ్యానులోంచి లబోదిబోమన్నాడు. "ఇదేం తొక్కుడు! చూసేవాళ్ళు నవ్వుతారు!"

"చక్రాలు కొనేశాను," అన్నాడు అతను, మాట మాటకీ ఊపిరి పీలుస్తూ. "ఇక షాపుకి రావడానికి వంక లేదు. వంక లేకుండా రావచ్చా? రోజూ? ఎప్పటికీ?"

ఆమె రోడ్డువైపు తిరిగింది. చెంపలు ఎర్రబడ్డాయి. గాలికేమో అనుకోవచ్చు, అనుకునేవాళ్ళు.

"ముందు పూర్తిచెయ్," అంది. "సగం దారిలో ఉన్నవాళ్ళకి నేను జవాబు చెప్పను."

తొక్కాడు. కాళ్ళు తనవి కానట్టే అయిపోయాయి. అయినా అవి తనవే, పక్కనున్న పిల్లవి కావు, చక్రాలు అమ్మినవాడివి కావు. సూర్యుడు ఇళ్ళ కప్పుల్ని తాకుతుండగా అందరికంటే ఆఖరున ఇద్దరూ ముగింపు గీత దాటారు. అక్క అక్కడే నిలబడుంది. చేతిలో నీళ్ళసీసా ఉన్న సంగతి మరిచిపోయి, దాన్ని నలిపేస్తోంది.

"పూర్తిచేశావా?" అంది. గొంతు వణికింది. అది దాచుకోడానికి వెంటనే ఆ పిల్లమీద పడింది. "నిజం చెప్పు, వీణ్ణి నువ్వే లాక్కొచ్చావు కదూ?"

"లేదు వదినా," అంది ఆమె. "ఒక్క గజం కూడా లాగలేదు. మొత్తం తనే తొక్కాడు."

మొన్నటి 'మేడమ్' ఇవాళ 'వదిన' అయ్యేసరికి అక్క సీసా నలపడం ఆపేసింది. అతను సైకిలు మీంచి దిగబోతూ ఒంటికాలిమీద ఆగిపోయాడు. బాబాయి వ్యాను ఇంజను ఆపి, మోకాళ్ళ సంగతి మరిచిపోయి కిందికి దూకాడు.

"ఏంట్రా అలా కొంగలా నిలబడ్డావు?" అంది అక్క ముందుగా తేరుకుని, కళ్ళు తుడుచుకుంటూ. "దిగు. ముందు ఆ అమ్మాయికి నీళ్ళివ్వు."