మరైకే టోపీలో కిటికీ

కథల్లో మొదటిసారి కలిసినప్పుడు చూపులూ చూపులూ కలుస్తాయట. మా లేజర్ గదిలో అందుకు భద్రతా నియమాలు ఒప్పుకోవు. లోపలికి అడుగు పెట్టాలంటే ఆకుపచ్చ కళ్లద్దాలు తగిలించుకోవాల్సిందే. లేకపోతే ప్రేమ సంగతి తర్వాత, ముందు చూపే పోతుంది.

అందుకని నేను మరైకేని మొదటిసారి చూసినప్పుడు నాకు కనిపించింది ఒక ముక్కు, రెండు ఆకుపచ్చ అద్దాలు, బోలెడంత కోపం. కోపం న్యాయమైనదే.

మార్‌బుర్గ్‌లో డాక్టరేట్ కోసం చేరిన మొదటి రోజది. గదిలో గాలి బిగదీసుకుపోయి ఉంది. మా అమ్మ, బయట మంచు కురుస్తున్నా పొద్దున్నే కిటికీలన్నీ బార్లా తెరిచి, ఇల్లు ఊపిరి పీల్చుకోవాలనే మనిషి. మా జర్మనీలో సగం మందికి చర్చి కన్నా ఇదే పెద్ద మతం. నేనూ భక్తిగా రెండు కిటికీలూ తెరిచాను. జనవరి గాలి జివ్వున లోపలికొచ్చింది. ప్రాణం లేచొచ్చినట్టుంది.

బల్ల దగ్గర నుంచి మూలుగు వినిపించింది. సూదిమొనంత రంధ్రంలోంచి లేజర్ కిరణం పోయేలా మరైకే వారాల తరబడి అద్దాలు సర్దుతోందట. చల్లగాలికి అద్దాల కింది ఇనుము ముడుచుకుంది. కిరణం రంధ్రాన్ని వదిలేసి గోడమీద పడింది.

"ఎవరు నువ్వు?"

"తీలో. కొత్తగా చేరాను."

"ఎవరు పంపించారు? పక్క గ్రూపు వాళ్లా?"

మర్నాటికి కిటికీ మీద ఒక చీటీ వెలిసింది. 'తెరవరాదు. ముఖ్యంగా తీలో.'

ఇంత మర్యాదగా మొదలైన పరిచయం ప్రేమగా ఎప్పుడు మారిందంటే చెప్పలేను. చీకటి గదిలో పక్కపక్కన కూర్చుని అద్దాలు తిప్పడం నేర్పింది. కిరణం రంధ్రంలో పడ్డప్పుడల్లా గాలిలోనే పియానో వాయించేది. క్యాంటీన్‌లో నా సాసేజ్ మీది ఆవాల ముద్ద అడక్కుండా లాగేసుకునేది. అక్కడ కళ్లద్దాలు ఉండవు కదా, చూడొచ్చు కదా అంటారా? అక్కడ నేను పళ్లెంలోకి చూసేవాణ్ణి. ఉడికించిన బంగాళాదుంపల్ని అంత శ్రద్ధగా చూసినవాడు మా యూనివర్సిటీలో మరొకడు ఉండడు.

వాన కూడా పడింది. కథల్లో అయితే ఒకే గొడుగు ఉంటుంది. మా వాళ్లు ముందుచూపు గలవాళ్లు. ఆమె రెయిన్‌కోటు ఆమెకుంది, నాది నాకుంది, రెండింటికీ చెవుల మీదికి దిగే టోపీలున్నాయి. ఆ రోజు ఆమె సైకిలు పంక్చరైతే నేను తోసుకుంటూ గుట్ట ఎక్కాను. తన హెల్మెట్ పట్టుకోవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదని నా నెత్తినే పెట్టింది. ఆ ధైర్యంతో, నువ్వంటే నాకు ఇష్టమని టోపీలోపల పైకే అనేశాను. ఏమన్నావని అడిగింది. వాన ఎక్కువగా ఉందన్నాను. అది అబద్ధం కూడా కాదు.

అలా నాలుగేళ్లు గడిచాయి. మరైకే థీసిస్ పూర్తయింది. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న కీల్‌లో ఉద్యోగం వచ్చింది. శుక్రవారం వైవా, శనివారం ప్రయాణం. ఈలోపు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పనని నాకు తెలుసు.

డాక్టరేట్ వచ్చినవాళ్లకి తోటివాళ్లు అట్టతో టోపీ చేసి పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఇన్నేళ్లలో ఆ మనిషి చేసిన పిచ్చిపనులన్నీ బొమ్మలుగా దానికి వేలాడదీస్తారు. ఆ పని నాకు అంటగట్టింది మా గ్రూపులోని బాస్టియన్. ఆమె పిచ్చిపనులు నీకు తెలిసినంతగా ఎవరికి తెలుసన్నాడు.

కష్టపడి చేశాను. అట్టముక్కల పియానో, ఆవాల ముద్ద గొట్టం, సూదిమొనంత రంధ్రం. బాస్టియన్ టోపీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుంది. వెక్కిరింత ఏదిరా ఇందులో?"

వెక్కిరించడానికి ఏమీ దొరకలేదన్నాను. వాడు నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు.

"శనివారం వెళ్లిపోతుంది. టోపీకి నోరుండదు, నువ్వే చెప్పుకోవాలి."

వెంటనే లేబొరేటరీకి వెళ్లాను. మరైకే బల్ల మీది లేజర్ అద్దాలు విప్పి పెట్టెలో సర్దుతోంది. ఎదురుగా నిలబడి పెట్టెకి కట్టడానికి తాడు కావాలా అని అడిగాను. వద్దంది. ఇంటికొచ్చి టోపీకి ఒక చిన్న కిటికీ కూడా చేశాను. దారం లాగితే తెరుచుకునేలా.

శుక్రవారం వైవా అద్భుతంగా జరిగింది. ప్రొఫెసర్ ఓస్టర్‌కాంప్ గారు టోపీ పెట్టారు. అది ఆమె తలకి అచ్చంగా సరిపోయింది. మామూలుగా మా టోపీలు ముక్కు దాకా జారతాయి. కొలత ఎక్కడిదని ఆయన ఆశ్చర్యపోయారు. వానలో ఆమె హెల్మెట్ పెట్టుకున్నానని గొణిగాను. మరైకే నావైపు తిరిగింది.

కిటికీ ఉందని బాస్టియన్ అరిచాడు. ప్రొఫెసర్ గారు దారం లాగారు, తెరుచుకోలేదు. బాస్టియన్ లాగాడు, దారం ఊడి చేతికొచ్చింది. నా జిగురు పనితనం అలాంటిది. అందరూ పడీపడీ నవ్వారు.

మరైకే టోపీ తీసి చేతిలోకి తీసుకుంది.

"ఇన్నేళ్లలో తీలో మూసిపెట్టిన కిటికీ ఇదొక్కటే."

గోటితో మెల్లగా తెరిచింది. లోపల రెండు అట్టబొమ్మలు, ఎదురెదురుగా. రెండింటికీ కళ్లద్దాలు లేవు.

"ఎవరు వీళ్లు?" అంది. తెలిసే అడిగింది.

"నువ్వూ నేనూ," అన్నాను. "నువ్వంటే నాకు చాలా ఇష్టం మరైకే. వెళ్లొద్దనను, వెళ్లు. కానీ చెప్పకుండా నిన్ను పంపించలేను."

మా దగ్గర మెచ్చుకోలుకి చప్పట్లు కొట్టరు, వేళ్ల కణుపులతో బల్ల మీద తడతారు. ఎవరూ తట్టలేదు. ఫిజిక్స్ వాళ్లు ఫలితం రాకుండా మెచ్చుకోరు.

మరైకే టోపీ మళ్లీ తలమీద పెట్టుకుని సరిచేసుకుంది.

"కీల్‌లో నేను తీసుకున్న ఇంటికి అన్నీ కిటికీలే," అంది. "సముద్రపు గాలి. పొద్దున్నే లేచి అవన్నీ తెరవడం నావల్ల కాదు."

"నా థీసిస్ ఇంకా ఏడాది పడుతుంది."

"అంతవరకు శని, ఆదివారాలు వచ్చి తెరువు. ఆ తర్వాత రోజూ తెరుద్దువుగాని."

ముందు బాస్టియన్ తట్టాడు. తర్వాత ప్రొఫెసర్ గారు. ఆ పైన గది మొత్తం బల్లలు దడదడలాడించింది.

ఆ చప్పుడులో మరైకే నా దగ్గరికొచ్చి నిలబడింది. పళ్లెం లేదు కాబట్టి తల ఎత్తి చూడక తప్పలేదు. ఆమె కళ్లు బూడిదరంగువి. నాలుగేళ్లుగా నేను ఆకుపచ్చవనుకుంటున్నాను.