బతికున్న చేపకే వలయం

"దయచేసి వల కదపకండి. అరుదైన జీవి ఆనవాళ్లు కనిపిస్తున్నాయి. నిర్ధారిస్తున్నాను," అంది పడవ ముక్కున అమర్చిన కడలికన్ను యంత్రం, పెళ్లిపిలుపంత మర్యాదగా. మోటారు దానంతటదే ఆగిపోయింది. దానయ్యకు ఒళ్లు మండిపోయింది.

"మన కొంపకే దాపురించినాది," అని చేతిలోని తాడు విసిరికొట్టాడు.

ఇప్పుడు సముద్రం మీద మనిషి పెత్తనం లేదు. కడలికన్ను లేని పడవ రేవు దాటదు. ఎక్కడ వల వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో అదే చెబుతుంది. ప్రాణమున్న ప్రతిదాన్నీ పోల్చుకుంటుంది. అంతరించిపోతున్న జీవి కంటబడితే చాలు, దాని చుట్టూ రక్షావలయం గీస్తుంది. ఆ గీత లోపల ఏ మోటారూ తిరగదు. దాని పుణ్యమా అని తాబేళ్లు పెరిగాయి, సొరలు పెరిగాయి. తగ్గింది జాలరులే. వాళ్లను లెక్కపెట్టే కన్ను ఇంకా ఎవరూ చెయ్యలేదు.

కన్ను వద్దన్నా దానయ్య, అతని బావ నూకన్న కలిసి వల లాగారు. వచ్చింది తాతచేప. మనిషంత పొడుగు, పెంకుల్లాంటి పొలుసులు, కాళ్లలాంటి రెక్కలు. కోట్ల ఏళ్ల కిందటే నశించిందని పండితులు తీర్మానించిన చేప. ఈ తీరం జాలరులకు మాత్రం తాతల నాటినుంచీ తెలుసు. వలలో పడితే నుదుట పసుపు రాసి నీళ్లలో వదలడం వాళ్ల ఆచారం. మూడేళ్ల కిందట తన ఊరు రాళ్లరేవులో నూకన్న అలాగే వదిలాడు. కన్ను చూసింది. దేశమంతా పండగ చేసుకుంది. రాళ్లరేవు సముద్రం మొత్తం వలయంలోకి పోయింది. ఆ ఊళ్లో ఇప్పుడు పిల్లి కూడా లేదు. అప్పటినుంచి నూకన్న, తన బామ్మర్ది దానయ్య పడవలో కూలికి వస్తున్నాడు.

"వొగ్గీమంటావా బావా?" అడిగాడు దానయ్య.

"నాను వొగ్గినాను గదరా. నా ఊరేటయ్యిందో సూసినావు గదా!"

వదిలినా వలయమే, ఒడ్డుకు తెచ్చినా వలయమే. చచ్చినదానికి మాత్రం వలయం లేదు, చంపినవాడికి శిక్షా లేదు. కూరకు పనికిరాని చేపను ఎవరు కావాలని చంపుతారులే అనుకున్నారు, కన్నును తయారుచేసిన మేధావులు.

దానయ్య కత్తి తీశాడు. "ఊళ్లో పొయ్యిలు ఆరిపోతే ఈ కన్నొచ్చి ఎలిగిస్తాదేటి?" అని అరుస్తూ పొడిచాడు. పొట్ట చీలింది. లోపలినుంచి జానెడు పిల్లలు జారి, పడవ అడుగున ఎగిరెగిరి పడ్డాయి. ఇది గుడ్లు పెట్టే చేప కాదని, పిల్లల్ని కంటుందని వాళ్లిద్దరికీ అప్పుడే తెలిసింది.

"జీవం ఉంది," అంది కన్ను. "నిర్ధారిస్తున్నాను."

"నువ్వటు తిరుగు బావా," అన్నాడు దానయ్య.

నూకన్న తిరగలేదు. తెడ్డు అందుకున్నాడు. ఏడుస్తూనే కొట్టాడు. "తాతా, తాతా" అంటూనే కొట్టాడు.

"మృత జీవులు. వలయం అవసరం లేదు. మీరు వేట కొనసాగించవచ్చు."

మోటారు మళ్లీ తిరిగింది. సముద్రమంతా వాళ్ల ముందే ఉంది. వల వెయ్యడానికి మాత్రం ఇద్దరికీ చేతులు రాలేదు.