పోనా, ఫోనా?

"ఏంది, మైసూర్‌పాకు పంచుతుండావా?"

తట్టాంచావడిలోని లేత్ వర్క్‌షాపు గుమ్మంలో అనుప్రియ తడిసి ముద్దయి నిలబడింది. చేతిలో గొడుగుంది. కోపంలో దాన్ని తెరవడం మరిచిపోయినట్టుంది.

లేత్ దగ్గర పనిచేస్తున్న నరేంద్రన్ ముఖం వెలిగిపోయింది. "అంతా నీ కోసమే! తిను టీచరమ్మా."

"పొద్దున్నుంచి కాచుకోనుండా. నువ్వు ఈడ స్వీట్లు తింటుండావు!"

"మెసేజ్ పెడితివి కదా, ఇంక కాచుకునేదానికి ఏముండాది?"

అనుప్రియ జపాన్‌లో ఒక చిన్న ఊరి స్కూల్లో ఇంగ్లీషు టీచరు. డిసెంబరు సెలవులకి ఇంటికి వచ్చింది. ఇంకో ఏడాది పనిచేస్తుందో లేదో ఈరోజు సాయంత్రం అయిదింటికల్లా వాళ్ళకి చెప్పాలి. వాళ్ళ అయిదంటే మనకి ఒంటిగంటన్నర. ఇప్పుడు ఒంటిగంట దాటింది.

"మళ్ళీ పోతావా అని రాత్రి అడిగితిని. పోను అని రాస్తివి. ఇదో, చూడు."

చూసింది. నుదురు కొట్టుకుంది.

"అది పోను కాదు! ఫోను! నాకు ఫోన్ చెయ్యమని!"

ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. చదువు మాత్రం తమిళంలో. తెలుగు లిపి రాదు కాబట్టి తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. అందులో ప, ఫ, బ మూడింటికీ ఒకటే అక్షరం. ఇన్నాళ్ళూ ఆ అక్షరంతోనే సుఖంగా పోట్లాడుకున్నారు, ఏ ప్రమాదమూ జరగలేదు.

నరేంద్రన్ స్వీటు డబ్బా కింద పెట్టేశాడు. "అయితే... పోతావా?"

"అది మాట్లాడేదానికే పిలిస్తిని." ఆమె కోపం సగం దిగింది. "ఆడ పిల్లోళ్ళు తప్పు వస్తాదేమోనని నోరే తెరవరు. మధ్యాన్నం వాళ్ళతోనే కూచోని తింటా, అప్పుడూ గమ్మునుంటారు. పోయిన నెల ఒక పాప ట్రే పట్టుకోనొచ్చి, 'మిస్, యూ లోన్లీ?' అనింది. రెండేళ్ళకి అదే మొదటి మాట. యస్ అంటిని. ఆ పొద్దునుంచి రోజూ నా పక్కనే కూచుంటాది. వచ్చే ఏడాదితో ఆ క్లాసు స్కూలు ముగిస్తాది. వాళ్ళని సగంలో వదిలేదానికి మనసు రాలే. నిన్ను వదిలేదానికీ రాలే."

రేకుల మీద వాన దంచుతోంది. నరేంద్రన్ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు.

"నువ్వు వద్దంటే ఆగిపోతా నరేన్. చెప్పు."

వద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ఇక్కడే ఉండిపోవాలని అతనికి ఎంత ఆశో చెప్పలేం. కానీ ట్రే పట్టుకొచ్చిన ఆ పాప కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

"పోయి రా."

"నిజంగానా?"

"కాచుకోనుంటా. ఏడుపొస్తాంది, బిరీన చెప్పేయ్ వాళ్ళకి."

ఆమె వస్తానని జవాబు పంపింది. పంపి ఊపిరి పీల్చుకుందో లేదో, నరేంద్రన్ ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో, మా అమ్మ!"

"అత్తకేమైంది?"

"నువ్వు పోనంటివని పొద్దున్నే చెప్పేస్తిని. పూలు, పండ్లు ఎత్తుకోని ఇందాకే అరియాంకుప్పం బస్సెక్కేసింది. మీ ఇంటికి. నీకు పూలు పెట్టేదానికి."

అబ్బాయి తల్లి వచ్చి పిల్ల జడలో పూలు పెట్టిందంటే సంబంధం ఖాయమైనట్టే. అనుప్రియ బిగుసుకుపోయింది.

"భయపడబాక. వెనక్కి పిలుస్తా. ఏడాదైనాక చూసుకుందాం." అతను ఫోన్ చెవిన పెట్టుకున్నాడు.

ఆమె దాన్ని లాక్కుని కట్ చేసింది.

"కాచుకోనుంటా అంటివి?"

"ఉంటా."

"నువ్వు కాచుకో. అత్తనెందుకు కాచుకోబెట్టేది?" ఆమె ఫోన్‌ని అతని జేబులో పెట్టేసింది. "బండి తీయి. ఆమె బస్సు దిగేలోపల నేను ఇంట్లో ఉండాల. లేకుంటే ఆ పూలు ఎవరికి పెడతాది?"